రొట్టెల మామయ్య చిన్నపేగు

ఫిబ్రవరి 4

గుండుసూదీ,

మొన్న నీ ఫోను నేనే ఎత్తాను. నువ్వు "ఒంట్లో ఎలా ఉంది?" అన్నావట. నాకు "ఇంట్లో ఎవరున్నారు?" అని వినపడింది. "మీ అత్తయ్య ఉంది" అన్నాను. నువ్వు కంగారుపడి "అత్తయ్యకేమైంది?" అని అరిచావట. ఇరవై తొమ్మిదేళ్ళు పిండి కలిపే మిషను పక్కన నిలబడ్డ చెవులివి, వాటినేం అనకు. ఇకమీదట నాకేం చెప్పాలన్నా కాగితం మీద చెప్పు. కళ్ళు ఇంకా పనిచేస్తున్నాయి.

నీ కొత్త ఉద్యోగం గురించి అత్తయ్య బేకరీకి వచ్చిన ప్రతివాళ్ళకీ చెబుతోంది. "మా ఆడపడుచు కూతురు ఆసుపత్రిలో మనుషుల ముక్కలు తరుగుతుంది" అంటోంది. నిన్న ఒకావిడ తీసుకున్న రొట్టె మళ్ళీ బల్ల మీద పెట్టేసి వెళ్ళిపోయింది. అసలు నువ్వు చేసేదేమిటో సరిగ్గా రాయి, నేను సర్దిచెప్పుకుంటాను.

ఇక్కడంతా మామూలే. పిండి బస్తా ఒకప్పుడు భుజాన వేసుకుని గబగబా మెట్లెక్కేవాణ్ణి. ఇప్పుడు సగం దూరంలో బస్తాని కూర్చోబెట్టి, దాని పక్కన నేనూ కూర్చుంటున్నాను. యాభై రెండు దాటాయి కదా. సాయంత్రానికి కడుపు డోలులా ఉబ్బుతుంది. పొద్దున్నే ఓవెన్ వెలిగించేలోపు నాలుగుసార్లు దొడ్లోకి పరుగు. నోట్లో పుళ్ళు. మోచేతుల మీద ఒకటే దురద, చిన్న చిన్న నీటిపొక్కులు, ఓవెన్ సెగకే అనుకుంటా. వీధి చివరి డాక్టరు మొదటిసారి గ్యాస్ అన్నాడు, రెండోసారి నరాల బలహీనత అన్నాడు, మూడోసారి నన్ను చూడగానే నవ్వాడు. కాబట్టి నువ్వేం దిగులుపడకు.

పిండి చేతులతోనే రాస్తున్న
మామయ్య

ఫిబ్రవరి 12

మామయ్యా,

నువ్వు "దిగులుపడకు" అన్నచోటే దిగులు మొదలైంది. ముందు నా పని సంగతి చెబుతాను.

డాక్టర్లు గొట్టం వేసి లోపల చూసినప్పుడు ఎక్కడైనా అనుమానం వస్తే గిల్లినట్టు ఒక ముక్క తీస్తారు. బియ్యపుగింజలో సగం ఉంటుంది. అది నా దగ్గరికొస్తుంది. దాన్ని కరిగిన మైనంలో పాతిపెడతాను. గట్టిపడ్డాక మిషను మీద వెంట్రుక మందంలో పదోవంతు పొరలుగా తరుగుతాను. గోరువెచ్చటి నీళ్ళ మీద వదిలితే ఆ పొర తన ముడతలు తానే విప్పుకుంటుంది. దాన్ని గాజుపలక మీదికెక్కించి రంగులద్దుతాను. అది చూసి జబ్బేమిటో తేల్చేది మా పెద్ద డాక్టరమ్మ గారు. ఆవిడ నోరు తెరిస్తే అవతల ఒక మనిషి జీవితం అటో ఇటో తిరుగుతుంది. అందుకే ఆవిడ చాలా నెమ్మదిగా మాట్లాడతారు.

చేరిన వారానికి నన్ను పిలిచి చిన్నపేగు లోపలి గోడ చూపించారు. మామయ్యా, లక్షల వేళ్ళు! ఒకదాన్నొకటి ఆనుకుని, మఖమల్ గుడ్డ మీది నూగులా. మనం తిన్న ప్రతి మెతుకునీ అందుకుని రక్తంలోకి పంపేది ఆ వేళ్ళేనట. ముడతలన్నీ విప్పి పరిస్తే ఒక పెద్ద గది నేలంతా కప్పేస్తుందట. ఇంతటిది లోపల పెట్టుకుని మనం బస్సు రాలేదని విసుక్కుంటూ తిరుగుతున్నాం!

ఇప్పుడు నువ్వు సిగ్గుపడకుండా జవాబు చెప్పాలి. బరువు తగ్గావా? మలంలో రక్తం గానీ, తారులాంటి నలుపు గానీ ఉందా? మింగేటప్పుడు అడ్డం పడుతుందా? మనింట్లో ఎవరికైనా పేగు జబ్బు ఉందా? నీ ఉత్తరం పెద్ద డాక్టరమ్మ గారికి చదివి వినిపించాను. మోచేతుల దురద దగ్గర ఆవిడ కళ్ళజోడు తీశారు. "కొందరి ఒంటికి గోధుమ పడదు. మీ మామయ్యకి దాని రక్తపరీక్ష చేయించు" అన్నారు.

ఆలస్యం చెయ్యకు.

నీ చేతి రొట్టె తిని పెరిగిన
గుండుసూది

ఫిబ్రవరి 21

గుండుసూదీ,

పేరు సరిగ్గానే పెట్టాను నీకు. గుచ్చావు.

నాకు గోధుమ పడదా? చేపకి నీళ్ళు పడవని చెప్పమను మీ డాక్టరమ్మ గారిని. ఈ వీధిలో సగంమందికి పళ్ళొచ్చింది నా రొట్టె కొరికే. ఇంట్లో ఎవరికైనా ఉందా అని అడిగావు. మా నాన్న కడుపులో గడ్డతో పోయాడు, నీకు తెలియదు, నువ్వప్పటికి పుట్టలేదు. రక్తం పడుతోందా అంటే దాని అర్థమేమిటో నాకు తెలుసు. కడుపు చించుకుంటే కాళ్ళ మీదే పడుతుంది. నేను చించుకోను. నువ్వూ అడగకు.

నేను బాగానే ఉన్నాను. బరువూ బాగానే ఉంది.

మామయ్య

మార్చి 15

మామయ్యా,

నీ ఉత్తరం కవరు లోపలి మడతలో అత్తయ్య పెన్సిల్‌తో రాసింది: "బెల్టుకి కొత్తగా రెండు చిల్లులు పొడిచాడు. మాతో కూర్చుని తినడం మానేశాడు. ఎందుకంటే అరుస్తున్నాడు." ఆవిడ మీద కోప్పడకు.

నేను నిన్ను భయపెట్టాలని అడగలేదు. కడుపుబ్బరం చాలామందికి ఉంటుంది, చాలాసార్లు అది ఏమీ కాదు. కానీ బరువు దానంతటదే తగ్గడం, నోట్లో పుళ్ళు, బస్తా మొయ్యలేకపోవడం, ఇవి వయసు ఖాతాలో రాసేసేవి కావు. తాతయ్య అలా పోయాడంటే మరీ చూడాలి. తాతయ్యకి చూసేవాళ్ళు లేరు. నీకు నేనున్నాను.

నువ్వు అత్తయ్యతో కూర్చుని తినట్లేదన్న మాట నన్ను తినేస్తోంది. ఒక్క గిన్నెడు రక్తం కూడా అడగట్లేదు, చిన్న సీసాడే. వెళ్ళు.

బతిమాలుతున్న
నీ పిల్ల

జూన్ 9

మామయ్యా,

మూడు నెలలు ఉత్తరం లేదు, చివరికి నువ్వు రక్తం ఇచ్చి వచ్చావని అత్తయ్య ఫోన్లో చెప్పింది. రిపోర్టు మాకు పంపించారు. గోధుమ పరీక్ష నెగటివ్ వచ్చింది. ఐరన్ మాత్రం అడుగంటిపోయింది. అందుకని పెద్ద డాక్టరమ్మ గారు గొట్టం వేసి రెండు వైపులా చూడాలంటున్నారు. ఇక్కడికే రా. పనిలో ఉన్నాను, మిగతాది తర్వాత రాస్తాను.

గుండుసూది

జూన్ 15

అమ్మా,

ఉత్తరం అందింది. నెగటివ్ అని చదివాను. రెండుసార్లు చదివాను. ఆ మాట రాయడానికి నీకు చెయ్యి ఆడి ఉండదని నాకు తెలుసు, అందుకే అంత పొట్టిగా రాశావు. నిన్ను తిట్టినందుకు ఏమీ అనుకోకు.

రెండు వైపులా అన్నావు. అంటే కుడివైపుకి కూడా పాకిందన్నమాట.

అత్తయ్యకి ఇంకా చెప్పలేదు. నిన్న ఓవెన్ లోపలంతా తుడిచాను, ఇటుకలు ఎక్కడ వదులయ్యాయో సుద్దతో గుర్తులు పెట్టాను, తర్వాత చూసుకునేవాళ్ళకి పనికొస్తుందని. పిండి పులియబెట్టే కొలతలు ఎప్పుడూ కాగితం మీద పెట్టలేదు, ఇప్పుడు పెడుతున్నాను. అన్నీ చేతికి తెలుసు కానీ కలానికి తెలియవు. "చెవి తమ్మెంత మెత్తగా" అని రాశాను. అత్తయ్యకి అర్థమవుతుంది.

నువ్వు ఏడవకు. చల్లగా ఉండు.

మామయ్య

జూన్ 18

మామయ్యా మామయ్యా మామయ్యా,

నెగటివ్ అంటే చెడ్డది కాదు! ఆ జబ్బు గుర్తులు కనపడలేదు అని! రెండు వైపులా అంటే కుడీ ఎడమా కాదు, నోటివైపు నుంచీ కిందివైపు నుంచీ! తప్పు నాదే, గదిలో నిలబడి గీకి పారేశాను. చదివి ఎంత ఏడ్చానో, అందులో సగం నవ్వే.

నీ ఉత్తరం పెద్ద డాక్టరమ్మ గారికి చూపించాను. ఆవిడ నవ్వలేదు. ఒకటే ప్రశ్న అడిగారు: "రక్తం ఇచ్చేనాటికి మీ మామయ్య రొట్టె తింటున్నారా?"

"రొట్టెలాయన రొట్టె తినకుండా ఎలా ఉంటాడండీ?" అన్నాను.

"అడుగు" అన్నారు.

అడుగుతున్నాను.

గుండుసూది

జూన్ 25

గుండుసూదీ,

పొయ్యిలో దాచిన నిప్పు ఎన్నాళ్ళు దాగుతుంది. నీ ఉత్తరం వచ్చిన మర్నాడు, ఫిబ్రవరిలో, రొట్టె మానేశాను. నిన్ను తిడుతూ ఉత్తరం రాసేనాటికే మానేసి వారమైంది. రొట్టె తినకుండా చూసి, తేడా లేకపోతే మీ డాక్టరమ్మ గారి మాట తప్పని రుజువు చేద్దామనుకున్నాను. మూడు వారాలకి డోలు దిగింది. రెండు నెలలకి మోచేతులు చల్లబడ్డాయి.

ఎవరికి చెప్పను? రోజూ పొద్దున్నే గిరాకీ వాళ్ళు నన్నడుగుతారు, "ఈవేళ ఏది బాగా కుదిరింది?" అని. నేను ఒక ముక్క తుంచి నోట్లో వేసుకుని చెప్పాలి. ఇప్పుడు బుగ్గన పెట్టుకుని, వెనక్కెళ్ళి ఉమ్మేస్తున్నాను. అందరితో కూర్చుంటే బండారం బయటపడుతుందని పిండి గదిలో బస్తా మీద కూర్చుని ఉడకేసిన బంగాళాదుంపలు తింటున్నాను, దొంగలా. నేను చేసినది నాకే విషమని తెలిస్తే ఎవరు కొంటారు? కొనకపోతే పోనీ, నేనెవర్ని మరి?

నిన్న అత్తయ్య పిండి గది తలుపు తీసి దుంపల గిన్నె చూసింది. వెళ్ళి ఉప్పు తెచ్చి ఇచ్చింది.

అదీ సంగతి. మింగలేకా కక్కలేకా ఉన్న
మామయ్య

జూలై 1

మామయ్యా,

ఇప్పుడు రాసేది చదివి నన్ను తిట్టు, కానీ చెప్పినట్టు చెయ్యి.

మళ్ళీ రొట్టె తిను.

నిజమే. గోధుమ లోపలికి రానంతకాలం ఒళ్ళు దానితో పోరాడదు. పోరాటం లేకపోతే రక్తంలో దాని గుర్తులు చెరిగిపోతాయి. దొంగ పోయిన ఇంటికి పోలీసులు వచ్చినట్టయింది మన పరీక్ష. మానేస్తే తేలికపడ్డావు కాబట్టి అదే అయ్యుండొచ్చు, కానీ అయ్యుండొచ్చు అన్నదాని మీద నీ వృత్తిని తీసెయ్యలేం, తాతయ్య గడ్డ సంగతి వదిలెయ్యలేం. రోజుకి రెండు ముక్కలు చాలు, ఆరువారాలు. తర్వాత మళ్ళీ రక్తం, ఆపైన గొట్టం, అదయ్యేదాకా మానకు. మరీ తట్టుకోలేకపోతే వెంటనే రాయి, ముందుకు జరుపుతారు.

నేనెవర్ని అని అడిగావు. నాకు తెలుసు, కానీ ఉత్తరంలో చెబితే నీకు ముక్కు ఎర్రబడుతుంది.

గుండుసూది

ఆగస్టు 10

గుండుసూదీ,

ఐదున్నర వారాలయింది. మొదటి ముక్క తిన్నరోజు చెబుతాను విను. ఓవెన్‌లోంచి అప్పుడే తీసింది, అంచు చిటపటమంటోంది. ఐదు నెలల తర్వాత నమిలాను. నేనింత బాగా చేస్తానని నాకే తెలియదు. అత్తయ్య ఎదురుగా కూర్చుంది.

నాలుగోరోజు నుంచి వాయించడం మొదలైంది. డోలు వచ్చింది, పొక్కులు వచ్చాయి, పరుగు వచ్చింది. నేను లోపల ఉంటే అత్తయ్య తలుపు బయట నిలబడి "ఇంకా ఎన్ని రోజులు?" అని వేళ్ళు లెక్కపెడుతోంది. యుద్ధానికి పోయినవాడికి కూడా అంత మర్యాద జరగదు.

ఆరువారాలు నిండగానే రక్తం మళ్ళీ ఇస్తాను. ఇద్దరం ఇరవై ఎనిమిదిన దిగుతాం. పొట్ట కడుక్కునే మందు గురించి నువ్వు పంపిన కాగితం చదివాను. "స్నానాలగదికి దగ్గరగా ఉండండి" అని రాశారు. ఎంత దగ్గరగానో రాయలేదు.

వస్తున్నాడు
నీ రొట్టెల మామయ్య

సెప్టెంబరు 9

మామయ్యా,

మీరిద్దరూ వెళ్ళాక గది బోసిపోయింది. ముందు ముఖ్యమైన మాట: గడ్డ లేదు. ఎక్కడా లేదు. పెద్దపేగు ఆ చివరి నుంచి ఈ చివరిదాకా శుభ్రంగా ఉంది. నీ రక్తం కూడా ఈసారి నోరు విప్పింది, పాజిటివ్. ఇక్కడ పాజిటివ్ అంటే మంచిది అనుకోకు, ఆ జబ్బు గుర్తులు కనపడ్డాయి అని. నీ భాషకీ మా భాషకీ మధ్య ఇంకెన్ని గుంటలున్నాయో.

నీ చిన్నపేగులోంచి తీసిన ఆరు ముక్కలు నా బల్ల మీదికొచ్చాయి. సీసా మీద నంబరే, పేరుండదు. అయినా నాకు తెలుసు. "ఇంకెవరికైనా ఇవ్వనా?" అన్నారు పెద్ద డాక్టరమ్మ గారు. "వద్దండీ, నేనే తరుగుతాను" అన్నాను. నన్ను ఎత్తుకుని మోసినవాడి లోపలిది నా మునివేళ్ళ మీద ఉంది, ఊపిరి వదిలితే ఎగిరిపోయేంత పల్చగా. నీళ్ళ మీద అది ముడతలు విప్పుకుంటుంటే గదిలో ఏ చప్పుడూ వినపడలేదు నాకు.

తర్వాత ఆవిడ పక్కన కూర్చుని చూశాను. వేళ్ళు లేవు. కోత కోసిన పొలంలా చదునుగా ఉంది. దాని అడుగున మాత్రం కణాలు కిక్కిరిసి, పోయినవాటిని మళ్ళీ కట్టాలని విడిచిపెట్టకుండా పనిచేస్తున్నాయి. "ఎన్నేళ్ళుగా ఇలా ఉండి ఉంటుందండీ?" అన్నాను. "పదేళ్ళు కావచ్చు. ఈ పేగుతో ఈయన బస్తాలు మోశాడా?" అని ఆవిడే నన్నడిగారు. ముప్ఫై ఏళ్ళుగా స్లైడ్లు చూస్తున్న మనిషి, కుర్చీ వెనక్కి జరిపి కళ్ళజోడు తుడుచుకున్నారు.

ఇది గోధుమ పడని జబ్బే. మందు లేదు, అక్కర్లేదు. గోధుమ, దాని చుట్టాలు బార్లీ, రై అనే ధాన్యాలు, ఇవి జీవితాంతం మానెయ్యాలి. గాలిలో ఎగిరే పిండి కూడా గొంతులోకి పోతుంది కాబట్టి పిండి గదిలో నువ్వు ఉండకూడదు. ఈ వాక్యం రాయడానికి మూడు కాగితాలు చింపాను.

నీ
గుండుసూది

సెప్టెంబరు 20

గుండుసూదీ,

చింపక్కర్లేదు. నేను చూశాను కదా.

గొంతులో మందు కొట్టి గొట్టం దించుతున్నప్పుడు కళ్ళు మూసుకోమన్నారు. నేను మూసుకోలేదు. టీవీలో గులాబీరంగు గుహ ఒకటి, తడిగా మెరుస్తూ, మలుపు తర్వాత మలుపు. అది ఊపిరి తీసినట్టు కదిలింది. ఎవరిదబ్బా అనుకున్నాను. నాదే! పుట్టినప్పటి నుంచి నేనొక్కసారి కూడా పలకరించలేదు, పగలనకా రేయనకా నా కోసం పనిచేస్తూనే ఉంది. వాంతి వస్తున్నా దణ్ణం పెట్టాలనిపించింది. చేతులు పట్టుకున్నారు కాబట్టి పెట్టలేదు.

పిండి గది ఇప్పుడు అత్తయ్యది. తాళం చేతికిచ్చి నాలుగురోజులు పడుకున్నాను, గోడవైపు తిరిగి. ఐదోరోజు బయటికి వస్తే కౌంటర్ దగ్గర ఎవరూ కూర్చోలేదు, గిరాకీ నిలబడి ఉంది. కూర్చున్నాను. "ఈవేళ ఏది బాగా కుదిరింది?" అని మొదటావిడే అడిగింది. "నాకు తెలియదమ్మా. నాకు గోధుమ పడదు. డాక్టర్లు తేల్చారు" అన్నాను. కుండ బద్దలైపోయింది. ఆవిడ నన్ను పైనుంచి కిందికి చూసి, "ఇన్నాళ్ళూ తినకూడనిది మా కోసం చేశావా నాయనా?" అంది.

నేను అలా ఎప్పుడూ అనుకోలేదు. ఆవిడ సంచిలో ఒక బన్ను ఎక్కువ వేశాను.

ఇంకో సంగతి. అత్తయ్య రొట్టె నా రొట్టె కంటే బాగుందని ముగ్గురు చెప్పారు. నాకు వినపడలేదన్నట్టు ఊరుకున్నాను. చెవులు ఒక్కోసారి పనికొస్తాయి.

ఆకలేస్తున్న
మామయ్య

మరుసటి ఏడు, నవంబరు 17

మామయ్యా,

మళ్ళీ గొట్టం వేయించుకుని, స్లైడు తయారయ్యేదాకా ఆగకుండా రైలెక్కేశావు. అందుకే ఈ కవరులో రెండు ఫొటోలు పెట్టాను. కింద తారీఖులు వేశాను. ఒకటి పోయినేడాది నీ పేగు. రెండోది మొన్నటిది.

రెండోది చూడు. నేను మాటల్లో చెప్పను.

సరే చెబుతాను, ఆగలేను. తలుపు తీయగానే పెద్ద డాక్టరమ్మ గారు మైక్రోస్కోప్ నా వైపు తిప్పి లేచి నిలబడ్డారు, తన కుర్చీలో నన్ను కూర్చోబెట్టారు. వేళ్ళు మామయ్యా! అంచంతా లేచి నిలబడ్డాయి. కొన్ని పొట్టిగా, కొన్ని పొడుగ్గా, అక్కడక్కడా ఇంకా మొండిగా, కానీ నిలబడ్డాయి. అందరికీ ఇంత త్వరగా రావట, కొందరికి ఏళ్ళు పడుతుందట. "మనం కుట్టలేదు, అతకలేదు, మందు పొయ్యలేదు" అన్నారు ఆవిడ. "అడ్డు తొలిగాం, అంతే." తర్వాత గదిలో ఉన్న అందరినీ ఒక్కొక్కరినీ పిలిచి చూపించారు. ఊడ్చే ఆవిడ కూడా చూసి, చీపురు గోడకి ఆనించి, ఇంకోసారి చూసింది.

ఇది పోస్టులో వేసి మళ్ళీ చూడటానికి వెళ్తున్నాను.

గుండుసూది

డిసెంబరు 6

గుండుసూదీ,

ఫొటోలు కౌంటర్ సొరుగులో ఉన్నాయి. రోజుకోసారి తీసి చూసుకుంటున్నాను. అత్తయ్య "పెళ్ళిఫొటో కూడా ఇన్నిసార్లు చూడలేదు" అంటోంది.

ఇవాళ జరిగింది చెప్పాలి. స్కూలు బస్సు నడిపే ఆవిడ రోజూ ఏడింటికి వస్తుంది. రెండు నెలలుగా చూస్తున్నాను, మొహం సున్నం కొట్టినట్టుంది. ఒకరోజు బల్ల పట్టుకుని నిలబడింది. అడిగాను. నోట్లో పుళ్ళు, ఉబ్బరం, నీరసం. డాక్టరు నరాలన్నాడట. నవ్వొచ్చింది నాకు. "జబ్బేమిటో నాకు తెలియదమ్మా, వంద ఉండొచ్చు. కానీ రక్తం పరీక్ష చేయించుకో, గోధుమ తాలూకుది కూడా చెయ్యమను. ఆ పరీక్ష అయ్యేదాకా మాత్రం రొట్టె మానకు" అన్నాను. రొట్టెలమ్మేవాడు రొట్టె మానొద్దంటే ఎవరు నమ్ముతారు? అయినా వెళ్ళింది. గొట్టం కూడా వేయించుకుంది.

ఇవాళ పొద్దున్న వచ్చి బల్లకి అటువైపు నిలబడి కాగితం చూపించింది. నాది ఏ జబ్బో ఆవిడదీ అదే. "అంతా చదునైపోయిందట. ఇంక ఇంతేనా?" అంది. కళ్ళు నిండాయి.

నేను సొరుగు తీసి ఫొటోలు రెండూ బల్ల మీద పెట్టాను. ఇది నేను. ఇదీ నేనే. పద్నాలుగు నెలలు.

ఆవిడ వంగి చూసింది. వెనకాల ఉన్నాయన మెడ సాచాడు. ఆయన వెనకాల ఇంకో ఇద్దరు. పిండి గదిలోంచి అత్తయ్య కూడా వచ్చి తలుపు దగ్గరే ఆగిపోయింది. ఏడుగురు మనుషులు నా చిన్నపేగు మీదకి వంగి నిలబడ్డారు, ఎవరూ రొట్టె అడగలేదు. రోజూ గడియారం చూసుకుంటూ నన్ను తొందరపెట్టే లాయరు గుమాస్తా అందరికంటే చివర ఉన్నాడు. అందరూ జరిగి చోటిస్తే ముందుకొచ్చాడు. చాలాసేపు చూశాడు. తర్వాత నాకు సరిగ్గా వినపడదని తెలుసు కాబట్టి దగ్గరికి వంగి, చెవిలో, పసిపిల్లాడిలా అడిగాడు:

"ఇది నా లోపల కూడా ఉంటుందా?"

"ఉంటుంది బాబూ" అన్నాను. "అందరి లోపలా ఉంటుంది."

అతను చెయ్యి పొట్ట మీద వేసుకుని, అలాగే నిలబడ్డాడు.

నీ
మామయ్య